రాని జబ్బుకు సూది

కారు నడపడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మా పేటలో సగం మందిది అదే కథ. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, మాట్లాడుతూనే ఉంటుంది. "ఆగు, ఆగాగు" అన్నది ఆమె నోట ఎక్కువగా వచ్చే మాట. అందుకని కుర్రాళ్ళు చాటుగా ఆగమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం టీచరమ్మే. ఆ పేరు సంగతి ఆమెకూ తెలుసు. "పోన్లెండి, డాషమ్మ అనలేదు" అని నవ్వేది.

కొన్ని శుక్రవారాలు ఆమె కుంటుతూ వచ్చేది. కారులో కూర్చునేటప్పుడు ఒక పక్కకి ఒరిగి, పళ్ళు బిగించి, మెల్లగా దిగబడేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"కాలు బెణికిందాండీ?"

"లేదమ్మా. నిన్న సూది వేయించుకున్నా."

"జ్వరమా?"

"కాదు. రాని జబ్బుకి. అద్దం చూడు, వెనక లారీ ఉంది."

ఆ తర్వాత చాలాకాలం, సిగ్నళ్ళ దగ్గర ఆగినప్పుడు కొంచెం, లైసెన్సు వచ్చాక వాళ్ళింటికి రాకపోకలు మొదలై ఇంకొంచెం, మొత్తానికి ఆమె సంగతంతా తెలిసింది.

ఆమె చిన్నప్పుడు వాళ్ళు బస్సు డిపో వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. తండ్రి డిపోలో మెకానిక్. ఎంత రుద్దుకున్నా ఆయన గోళ్ళ కింద గ్రీజు పోయేది కాదు. ఆమెకంటే పెద్దవాడు ఒక అన్నయ్య. ఆ అబ్బాయికి ఒకసారి గొంతు నొప్పి వచ్చి తగ్గింది. తగ్గిన కొన్నాళ్ళకి మోకాలు వాచింది. అది తగ్గేసరికి మోచెయ్యి, ఆ తర్వాత చీలమండ. అద్దెకున్నవాళ్ళు ఇల్లు మారినట్టు నొప్పి ఒక కీలు ఖాళీ చేసి ఇంకో కీల్లో దిగేది. ఎదిగే పిల్లలకి మామూలే అన్నారు ఇరుగుపొరుగు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఆ తర్వాతి సారి మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఆయాసం. గుండెలో కవాటాలు పాడైపోయాయి. పదో తరగతి పరీక్షలు రాయకుండానే పోయాడు. అప్పుడు ఈమె చాలా చిన్నది. ఒక్కటే గుర్తు: అమ్మ అన్నయ్య చొక్కాలన్నీ మడతపెట్టి అలమరలో సర్దేది, మర్నాడు అవే చొక్కాలు తీసి మళ్ళీ ఉతికేది.

ఈమెకి తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు గొంతు నొప్పి వచ్చింది. రెండు వారాలు గడిచాక ఒక పొద్దున చీలమండ ఉబ్బి చెప్పు పట్టలేదు. అమ్మ ఆ కాలు చూసింది. పొయ్యి ఆర్పింది. పిల్లని వీపున వేసుకుని ఆసుపత్రికి నడిచింది. ఆటో కోసం కూడా ఆగలేదు.

డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. గొంతులో చేరిన క్రిమిని చంపడానికి ఒంట్లో పుట్టే బలమే దారి తప్పి కీళ్ళని, గుండెని కొడుతుందని, ఒక కవాటానికి కొంచెం తగిలిందని చెప్పాడు. "ఇంతటితో ఆగితే భయం లేదు. కానీ ఇది వచ్చినప్పుడల్లా ఇంకాస్త కొరుక్కుపోతుంది. మళ్ళీ రానివ్వకూడదు."

అమ్మ ఏమీ అడగలేదు. పిల్లే అడిగింది. "రాకుండా ఏం చెయ్యాలి?"

"మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి, బంగారం."

"జబ్బు తగ్గిపోయాక కూడానా?"

"తగ్గడానికి వేరే మందులిస్తాం. ఇది రాకుండా ఉండడానికి."

"ఎన్నిరోజులు?"

డాక్టరు అమ్మ వైపు చూసి చెప్పాడు. "నలభై ఏళ్ళు వచ్చేదాకా. అప్పుడు మళ్ళీ చూసుకోవచ్చు."

అప్పటికి అమ్మకే నలభై రాలేదు. అమ్మకంటే ముసలిదాన్నయ్యేదాకానా అని పిల్లకి నవ్వొచ్చిందట. సూది పడ్డాక ఆ నవ్వు పోయింది.

ఆ సూది మందు మామూలు మందులా ఉండదు. తెల్లటి పొడిని నీళ్ళలో కలిపితే సున్నంలా చిక్కగా తయారవుతుంది. సన్న సూదిలో దిగదు, లావు సూదే కావాలి. ఆ వార్డులో సిస్టరు ఒకావిడ ఉండేది, దిబ్బరొట్టెల్లాంటి అరచేతులు. మందు సీసాని ఆ చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడేదాకా దొర్లించేది. "కాలు వదులు చెయ్యి. బొటనవేలు కదుపు. నా వైపు చూడకు, కిటికీ వైపు చూడు" అంటూ తుంటి కండలో దించేది. మందు లోపలికి దిగుతున్నంతసేపూ కాలిన ఇనప కడ్డీ మెల్లగా తోస్తున్నట్టుండేది. ఆ తర్వాత ఒంటికి పడిందో లేదో చూడ్డానికి బయట బల్ల మీద అరగంట కూర్చోబెట్టేవాళ్ళు. కూర్చోలేని మనిషిని కూర్చోబెట్టడం వీళ్ళకే చెల్లింది అనేది టీచరమ్మ. ఆ రాత్రి బోర్లా పడుకోవడం, మర్నాడు బడిలో కుంటడం. ఆ నొప్పి పూర్తిగా మరిచిపోయేసరికి మళ్ళీ సూది వేసే గురువారం వచ్చేది.

సూది ఒక ఎత్తు, అమ్మ ఒక ఎత్తు. రోజూ పొద్దున్నే పళ్ళు తోమగానే అమ్మ టార్చిలైటు పట్టుకుని వచ్చేది. "నోరు తెరు. ఆ అను." గొంతులో ఎరుపు కనపడితే ఆ రోజు బడి లేదు. ఐసు వద్దు, వాన వద్దు, జనం ఎక్కువగా ఉండే చోటు వద్దు. పిన్ని వాళ్ళింటికి సెలవులకి వెళ్ళాలంటే మధ్యలో సూది గురువారం పడకూడదు. స్నేహితులు ఈత నేర్చుకుంటుంటే ఈమె గట్టు మీద వాళ్ళ బట్టలకి కాపలా. "అమ్మ నన్ను పెంచలేదమ్మా, కాపలా కాసింది" అంది నాతో ఒకసారి. పెళ్ళిరోజు పొద్దున కూడా ముఖానికి అలంకారమంతా అయ్యాక అమ్మ టార్చితో వచ్చిందట. పెళ్ళికూతురు అందరిముందూ నోరు తెరిచి "ఆ" అంది.

తండ్రి ఈ విషయాల్లో నోరెత్తేవాడు కాదు. అయితే ఆదివారాలు కూతుర్ని డిపో వెనక ఖాళీస్థలానికి తీసుకెళ్ళి, తుక్కు కింద వెయ్యబోయే పాత బస్సులో కూర్చోబెట్టేవాడు. క్లచ్చు అందడానికి సీటు అంచున కూర్చోవలసి వచ్చేది. ఇంజను గుర్రుమంటే స్టీరింగు లోంచి ఆ వణుకు భుజాల దాకా పాకేది. ఆ బస్సులో తనకి ఏ జబ్బూ లేదు, రాబోయే జబ్బు కూడా లేదు అనిపించేదట. పద్దెనిమిది నిండగానే లైసెన్సు, ఆ తర్వాత కొన్నాళ్ళకి పెద్ద బళ్ళ లైసెన్సు. చేతిలో స్టీరింగు ఉంటే మనిషే మారిపోయేది.

అప్పుడే దూరప్రయాణాల బస్సులు నడిపే ఒక కంపెనీవాళ్ళు ఆడవాళ్ళని డ్రైవర్లుగా తీసుకుంటున్నారని తెలిసింది. రాత్రీపగలూ నడిచే బస్సులు, కొండదారులు, పొద్దున లేస్తే వేరే భాష మాట్లాడే ఊళ్ళు. పరీక్ష పెట్టారు. వచ్చినవాళ్ళందరిలోకీ ఈమె బండి తిప్పిన తీరు చూసి, పరీక్ష పెట్టినాయన "ఎవరమ్మా నేర్పింది?" అని అడిగాడు. శిక్షణకి వేరే నగరం రమ్మన్నారు. ఇంటికొచ్చి చెబితే నాన్న కళ్ళు మెరిశాయి. అమ్మ "ఊఁ" అంది, అంతే. సూదుల మాట తనే ఎత్తింది ఈమె. ప్రతి ఊళ్ళోనూ ఆసుపత్రి ఉంటుంది, మందు ఎక్కడైనా దొరుకుతుంది, సిస్టరుని అడిగి కనుక్కున్నాను అంది. అమ్మ దానికీ "ఊఁ" అంది.

వారం తిరక్కుండా కంపెనీ ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. వెళ్తే, పరీక్ష పెట్టినాయనే ఆమె ముఖం చూడలేక బల్ల మీద పెన్నుతో గీస్తూ కూర్చున్నాడు.

"మీ అమ్మగారు వచ్చి వెళ్ళారమ్మా. గుండె సంగతి మాకు ముందే చెప్పాల్సింది."

"నా గుండెకేం కాలేదండీ. కాకుండా ఉండడానికే సూది."

"అది నాకు అర్థమవుతుంది. పైవాళ్ళకి అర్థం కాదు. యాభైమంది ప్రాణాలు మీ చేతిలో ఉంటాయి."

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. అమ్మ మంచం మీద ఆరిన బట్టలు పోసుకుని మడతపెడుతోంది.

"వెళ్ళి చెప్పావా?"

"చెప్పాను."

"నా బతుకు నాశనం చేశావమ్మా."

అమ్మ తలెత్తలేదు. చేతిలో ఉన్న తువ్వాలు మడత పూర్తిచేసింది. "ఉంది కదా, నాశనం కావడానికి."

ఆమె తండ్రి వైపు తిరిగింది. ఎప్పుడూ తన పక్షానే ఉండే మనిషి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి గానీ బయటికెళ్ళే దారి లేదనిపించింది ఆమెకి. నువ్వు బాగున్నావంటే సూది పనిచేస్తోందన్నమాట, పనిచేస్తోంది కాబట్టి మానకూడదు. బాగాలేకపోతే అసలే మానకూడదు. ఎటు తిరిగినా అదే గోడ.

పేటలో ఉన్న డ్రైవింగ్ స్కూలులో టీచరుగా చేరింది. అవే నాలుగు వీధులు, ఆసుపత్రి ముందు మలుపు, మైదానంలో ప్లాస్టిక్ డబ్బాల మధ్య రివర్సు. వేరేవాళ్ళకి నేర్పడం, వాళ్ళు వెళ్ళిపోవడం.

ఆ కోపంలోనే సూది మానేసింది. మామూలుగానే గురువారం ఆసుపత్రికి వెళ్ళేది. వార్డు దాకా పోకుండా, ఆవరణలో చెట్టు కింద కూర్చుని, టీ తాగి, కుంటుకుంటూ ఇంటికొచ్చేది. అమ్మ వేడినీళ్ళ సంచి సిద్ధంగా పెట్టుకుని ఉండేది. ఒకసారి వీధి మలుపులో కుడికాలు కుంటిందో ఎడమకాలు కుంటిందో ఇంటికొచ్చేసరికి మరిచిపోయి రెండూ కుంటింది. "ఇవాళ గట్టిగా పొడిచిందా?" అంది అమ్మ జాలిగా. వేడినీళ్ళ సంచి తుంటి మీద పెట్టించుకుని బోర్లా పడుకున్నప్పుడు నవ్వాపుకోలేక దిండు కొరికింది.

నెలలు గడిచాయి. ఏమీ కాలేదు. ఆకలి బాగా వేస్తోంది, నిద్ర బాగా పడుతోంది. ఇన్నేళ్ళూ ఉత్తుత్తి భయానికి ఒళ్ళు తూట్లు పొడిపించుకున్నానా అనిపించింది.

తర్వాత ఒక పొద్దున మింగుడు పడలేదు. మామూలు జలుబే అనుకుంది. సాయంత్రానికి గొంతు మండింది. అమ్మ పిన్ని దగ్గరికెళ్ళింది, కాబట్టి టార్చి లేదు. ఆమె తనే అద్దం ముందు నిలబడి నోరు తెరిచింది. ఎర్రగా కనపడింది. ఎరుపు ఎప్పుడూ అంతే ఉంటుందో, ఇవాళ ఎక్కువైందో తెలీదు. తన గొంతు ఎలా ఉంటుందో అమ్మకి తప్ప తనకి తెలీదని అప్పుడు తెలిసింది. గొంతు రెండు రోజుల్లో తగ్గింది. అసలు నరకం ఆ తర్వాత. నిద్ర లేవగానే కాళ్ళు దుప్పటిలోంచి తీసి చూసుకునేది. పాఠం చెబుతూ చెబుతూ మోకాలు తడుముకునేది. నొప్పి ఉన్నట్టే ఉండేది. రోజంతా బ్రేకు తొక్కే కాలికి నొప్పి ఉండదా? మెట్లెక్కి గుండె మీద చెయ్యి పెట్టుకుని, కొట్టుకోవడం ఎక్కువైందా అని వినేది. అన్నయ్య ముఖం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు గానీ, ఆయాసం చప్పుడు మాత్రం పక్కగదిలోంచి వస్తున్నట్టు వినపడేది.

మూడోవారం తనే వార్డుకి వెళ్ళింది. సిస్టరు మందు సీసా అందుకోకుండా నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"చెట్టు కింద టీ బాగుంటుందా?"

"మీకు తెలుసా?"

"కిటికీ వైపు చూడమని చెప్పేది నేనే కదమ్మా. ఆ కిటికీలోంచి చెట్టు కనపడుతుంది. రెండుసార్లు ఆయాని పంపాను, తను అక్కడికొచ్చేసరికి నువ్వు వెళ్ళిపోయావు. మీ అమ్మతో చెప్పలేదు. అది నువ్వు చెప్పుకోవాల్సిన మాట."

రక్తం తీశారు, గుండెకి స్కానింగు చేశారు. కొత్తగా ఏమీ లేదు. పాత మచ్చ పాతచోటే ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది.

"మానేస్తే ఏమీ కాలేదు కదా డాక్టర్. మరి ఇన్నేళ్ళూ నన్ను కాపాడింది సూదేనా, అసలు రాదలుచుకోని జబ్బుకి వేయించుకున్నానా?"

అప్పటికి ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఆలోచించి చెప్పింది. "మీ ఒక్కరి విషయంలో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. మీలాంటివాళ్ళు వందమంది మానేస్తే, కొందరికి మళ్ళీ వస్తుంది. ఎవరికొస్తుందో ముందు తెలిస్తే వాళ్ళకే వేసేదాన్ని. తెలీదు కాబట్టి అందరికీ వెయ్యాలి. మీరు వేయించుకుంటే కనపడే లాభం ఏమీ ఉండదు. అదే దీనితో వచ్చిన చిక్కు."

కాలు వదులుచేసి, బొటనవేలు కదిపి, ఆమె చెట్టు వైపు చూసింది. ఆ రోజు నుంచి అమ్మ చెప్పకుండానే వేయించుకునేది. అంతవరకూ భయం అమ్మది, సూది తనది. ఇప్పుడు రెండూ తనవే అయ్యాయి.

డ్రైవింగ్ పరీక్ష తప్పిన విద్యార్థి ఒకాయన ఉండేవాడు, పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేసే మనిషి. మైనంలో పన్ను చెక్కమంటే వెంట్రుకవాసి తేడా రానివ్వడు, రివర్సు మాత్రం రాదు. తప్పినప్పుడల్లా మళ్ళీ ఆమె దగ్గరే చేరేవాడు. కావాలనే తప్పుతున్నాడని స్కూల్లో అందరూ అనుకునేవాళ్ళు. కాదట, నిజంగానే రాదట. ఇప్పటికీ రాదు. ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఒక కూతురు పుట్టింది. కడుపుతో ఉన్నప్పుడు కూడా సూదులు ఆగలేదు. తండ్రి పోయాక అమ్మ వీళ్ళ దగ్గరికే వచ్చేసింది, టార్చితో సహా.

"నా కూతురి నోట్లో మాత్రం లైటు వెయ్యకు" అని అమ్మకి గట్టిగా చెప్పింది. అమ్మ వెయ్యలేదు. ఒక పొద్దున పిల్ల దగ్గింది. టీచరమ్మ సెల్‌ఫోను లైటు వెలిగించి "నోరు తెరు, ఆ అను" అంది. అనేశాక గాని తెలీలేదు. కుర్చీలో కూర్చున్న అమ్మ ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూస్తోందట.

నలభై దాటాక ఒక గురువారం డాక్టరమ్మ స్కానింగు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూసి, "ఇంక ఆపేద్దామండీ" అంది.

"ఏది?"

"సూది. కవాటం బాగుంది, ఏళ్ళ తరబడి మార్పు లేదు. ఈ వయసులో మళ్ళీ వచ్చే అవకాశం బాగా తక్కువ. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి చాలు."

ఈ మాట కోసం తొమ్మిదో ఏటి నుంచి ఎదురుచూసిన మనిషి కుర్చీలోంచి లేవలేదు. "ఇవాళ్టికి ఒకటి వేసెయ్యండి డాక్టర్. వచ్చే సారి నుంచి ఆపుదాం." డాక్టరమ్మ నవ్వింది గాని వెయ్యలేదు. కుంటకుండా బయటికొస్తుంటే నడక రానట్టు, కాళ్ళు ఎక్కడ వెయ్యాలో తెలీనట్టు ఉందట.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పింది. అమ్మ సిద్ధంగా ఉంచిన వేడినీళ్ళ సంచి ఒళ్ళోకి తీసుకుంది.

"వాడికీ రాశారు" అంది.

"ఎవరికి?"

"మీ అన్నయ్యకి. ఇదే సూది. రెండోసారి వచ్చినప్పుడు రాశారు. నాలుగైదు వేయించాను. ఆసుపత్రి గేటు పట్టుకుని వేలాడేవాడు. 'ఇప్పుడు నాకేం లేదు కదమ్మా, ఎందుకమ్మా' అనేవాడు. నిజమే కదా అనిపించింది. ఏం లేదు కదా. చక్కగా ఆడుకుంటున్నాడు కదా. తీసుకెళ్ళడం మానేశాను."

టీచరమ్మ వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంది.

"మీ నాన్నకి తెలుసు. ఒక్కనాడు కూడా ఎత్తి చూపలేదు. ఆ బస్సుల వాళ్ళ దగ్గరికి నేను వెళ్ళొచ్చినప్పుడు కూడా ఏమీ అనలేకపోయాడు." అమ్మ సంచి మూత తిప్పుతూ ఉంది. "ఆపేశారంటున్నావు. మరి గురువారం నేనేం చెయ్యను?"

మళ్ళీ సూది గురువారం వచ్చినప్పుడు అమ్మ చీర మార్చుకుని, జడ వేసుకుని, గుమ్మం దగ్గర కూర్చుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. టీచరమ్మ ఆమెని స్కూలు కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సిస్టరు ఎప్పుడో రిటైరైపోయింది. బయట బల్ల మీద పిల్లలు, తల్లులు. ఒక చిన్నవాడు తల్లి మెడ పట్టుకుని వదలడం లేదు, తల్లి కళ్ళలో నీళ్ళు. "పోనీ వచ్చేవారం తీసుకొస్తానండీ" అంటోంది నర్సుతో. టీచరమ్మ వాళ్ళమ్మ లేచి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చోలేని మనిషి ఆ పిల్లాడి ముందు కూర్చుంది. వాడితో ఏం మాట్లాడిందో వినపడలేదు. కొంతసేపటికి తల్లి వైపు తిరిగి అన్న మాట మాత్రం వినపడింది.

"ఏడిస్తే ఏడవనీ అమ్మా. నిన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. లోపలికి పద, నేనూ వస్తాను."

అప్పటి నుంచి ప్రతి గురువారం అమ్మ ఆసుపత్రికి వెళ్తోంది. మూడు వారాలకోసారి కాదు, వారం వారం. వార్డులో వాళ్ళు ఆమెకి ఒక కుర్చీ కేటాయించారు. ఒంటరిగా వెళ్ళే ఓపిక లేదు కాబట్టి టీచరమ్మే దింపాలి, తెచ్చుకోవాలి. ఆ రోజు పాఠాలు పెట్టుకోవడానికి లేదు, ఊరెళ్ళడానికి లేదు.

"చూశావా" అంది నాతో, ఆసుపత్రి ముందు కారు ఆపుకుని. "సూది వదిలింది గాని గురువారం వదల్లేదు." లోపల ఎవరో పిల్ల గట్టిగా ఏడుస్తోంది. ఆమె కారు తాళంచెవి తీసి పర్సులో వేసుకుని, అమ్మకి కాఫీ తీసుకుని లోపలికి వెళ్ళింది.